హుండీలో వేస్తే బాకీ తీరుతుందా?

2009లో తిరుమల శ్రీవారికి ఒక వజ్రకిరీటం చేరింది. విలువ 40 కోట్ల రూపాయల పైమాటే. సమర్పించింది అప్పటి కర్ణాటక మంత్రి, బళ్లారి గనుల యజమాని గాలి జనార్దన రెడ్డి. ఆ ఏడాది చివరికే ఆయన కంపెనీ ఓబుళాపురం ఇనుప గనులపై సీబీఐ కేసు పెట్టింది, 2011 సెప్టెంబరులో ఆయన్ని అరెస్టు చేసింది. 2025 మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. తర్వాత హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసింది. ఆ కేసు గనులది, కిరీటానిది కాదు. అయినా ఆ కానుక ఒక పాత ప్రశ్నను మళ్లీ లేవనెత్తింది: పరుల సొత్తు కాజేసినవాడు అందులో కొంత దేవుడికిస్తే పాపం పోతుందా?

పోదని మన సంప్రదాయమే అంటుంది. మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రకారం, చిన్నపాటి వస్తువు దొంగిలించినవాడు కూడా ముందు దాన్ని సొంతదారుకి తిరిగివ్వాలి, వ్రతం ఆ తర్వాతే. భద్రాచలం కథ ఇంకా సూటిగా చెబుతుంది. తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు శిస్తుతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. చివరికి రామలక్ష్మణులే వచ్చి సుల్తాను తానీషాకు ఆ పైకం చెల్లించారని జనం చెప్పుకుంటారు. ఖర్చయింది తన గుడికే అయినా, సొమ్ము ఖజానాది కాబట్టి రాముడు ఖజానాకే కట్టాడు. మన ఏడుకొండలవాడూ కుబేరుడి అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడనే కదా నమ్మకం! బాకీ ఎవరికుందో వాళ్లకే తీర్చాలన్నది ఈ రెండు కథల నీతి.

దేవుడికి అందరూ ఒకటే, ఇచ్చేవాడి యోగ్యత ఎంచడానికి మనమెవరం అని కొందరంటారు. దర్శనం విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాపాత్ముడి భక్తి కూడా నిజమైనదే కావచ్చు. కానీ ఎంత నిజమైన భక్తి అయినా పరాయి సొత్తును సొంతం చేయలేదు. కానుకలు అన్నదానానికో ఆసుపత్రికో పనికొస్తాయిగా అన్నది రెండో వాదన. పనికొస్తాయి, కానీ సర్కారు భూమిలోని ఖనిజం ప్రజలందరి ఆస్తి. దాన్ని అక్రమంగా తవ్వితే గండిపడేది ప్రజల ఖజానాకి. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో నిర్ణయించే హక్కు ప్రజలది. తవ్వుకున్నవాడు దాన్ని దానంగా పంచితే ఆ హక్కు కూడా లాక్కున్నట్టే. కేసు తేలకముందే ఆలయం తీర్పు చెప్పాలా అంటే, అక్కర్లేదు. కోట్ల విలువైన కానుకలకు సొమ్ము ఎక్కడిదో అడిగి రాసుకుంటే చాలు. అది అక్రమార్జనేనని న్యాయస్థానం తుది తీర్పులో తేలిస్తే, ఆ విలువను ఖజానాకు జమచేయాలి. అందువల్ల స్వామి వైభవానికి లోటేమీ రాదు. కానుకతో కళంకం కడిగేసుకోవచ్చన్న ధీమా మాత్రం పోతుంది.