దూరంగా ఉండడమూ పూజే

కరోనా వేళ, 2020 మే 7న విదేశాల్లోని మనవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక కువైట్ నుంచి వచ్చి విజయవాడలో క్వారంటైన్‌లో ఉన్నాను. అక్కడ మా రెడ్డిగూడెం తోటల్లో రసాలు, బంగినపల్లి కోతకొచ్చాయి. దేవుడు అంతటా ఉంటే ఊరి మీద ఈ బెంగ ఎందుకు?

ఆ ఏడాది మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆగింది, స్వామికి కైంకర్యాలు మాత్రం ఆగలేదు. మనం వెళ్లకపోయినా ఆయన ఉన్నాడు. ప్రహ్లాదుడికి స్తంభంలో కనిపించినవాడు ఈ గదిలో లేకపోతాడా?

కానీ ఆయనకు దణ్ణం పెట్టడం నేర్పింది మా ఊరే. తొలికాపు పండు దేవుడి ముందు పెట్టాకే నోట పెట్టాలని అమ్మ చెప్పేది. దేవుడికి ఊరు అక్కర్లేదు. నా భక్తికి కావాలి.

అందుకే ఆ ఊళ్లోని ముసలివాళ్ల క్షేమం కోసం గడప దాటకుండా ఉండడమూ పూజే. ప్రయాణం చేసి వచ్చినవాళ్లంతా ఈ పూజ శ్రద్ధగా చేయాల్సిన రోజులవి.