బెదురు పోయాకే స్వారీ

గుర్రానికి భయమే రక్ష. ఎద్దుకు కొమ్ములున్నాయి, గుర్రానికి ముఖ్యమైన ఆయుధం పరుగే. పచ్చిక బయళ్లలో వేటజంతువుల మధ్య తరతరాలుగా బతికిన ప్రాణి కనుక, ముందు పరుగెత్తి ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడటం దాని ఒంట్లోనే ఇంకిపోయింది. పుట్టిన గంటా రెండు గంటల్లో పిల్ల లేచి తల్లి వెంట నడుస్తుంది. పెద్ద గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. గాఢనిద్రకు మాత్రం పడుకోవాలి. చుట్టూ అంతా క్షేమమని నమ్మకం కలిగితేనే అది నేలకు ఒరుగుతుంది.

కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల అది మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనిపించని చోట్లు రెండే: నుదుటికి సరిగ్గా ఎదురుగా కాస్త మేర, తోక వెనక కాస్త మేర. ముద్దుగా ఉందని నుదురు నిమరబోయినవాడి చెయ్యి నేరుగా ఆ కనిపించని చోటులోకే వెళ్తుంది. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చినవాడికి తన్ను పడుతుంది. చూసినవాళ్లు దాన్ని పొగరంటారు. గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచి, నీటిగుంటలో తళుకు, నిన్న లేని చోట ఇవాళ కనిపించిన బకెట్టు, గుర్రం లెక్కలో ఇవన్నీ పొంచి ఉన్న ఆపదలే.

భయాన్ని అది దాచుకోదు. తల పైకి లేస్తుంది, చెవులు ఒకే దిక్కుకు బిగుస్తాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, కంటి తెల్లగుడ్డు బయటపడుతుంది, తోక కాళ్ల సందున నొక్కుకుపోతుంది. ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుండె క్షణాల్లో వంద దాటుతుంది. ఇన్ని గుర్తులు కళ్లెదుట ఉండగా కొరడా తీసేవాడికి చూపు లేదనే అనాలి.

ఇతిహాసాలకు ఈ సంగతి బాగా తెలుసు. మహాభారతంలో విరాటుడి కొలువులో దామగ్రంథి అన్న మారుపేరుతో చేరిన నకులుడు తన పనితనం చెప్పుకుంటాడు. గుర్రాల స్వభావం, శిక్షణ, వైద్యం తెలుసునని, చెడ్డ గుర్రాలను దారికి తేవడం వచ్చునని అంటాడు. అక్కడితో ఆగడు. తన చేతి కింద ఏ వాహనమూ పిరికిది కాబోదని కూడా చెబుతాడు. రాజుగారి మెప్పు కోసం పొగరు అణుస్తానన్న గొప్ప ఒక్కటి చాలు. పిరికితనం మాట ఎత్తాడంటే శిక్షకుడి అసలు పరీక్ష ఎక్కడుందో ఎరిగినవాడన్నమాట.

నలుడి కథలోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. బాహుకుడన్న పేరుతో కొలువులో ఉన్న నలుడు ఎంచి తెచ్చిన బక్క గుర్రాలను చూసి రాజు ఋతుపర్ణుడు శంకించాడు. రాజు రథం ఎక్కగానే అవి మోకాళ్ల మీద కూలాయి. నలుడు ముందు వాటిని ఊరడించాడు, తర్వాతే పగ్గాలతో లేపాడు. కథ చెప్పేవాళ్లు ఆ వెంటనే వచ్చే గాలివేగం దగ్గరకు దూకేస్తారు. గుర్రం మనసెరిగే అశ్వహృదయ విద్యకు మొదటి మెట్టు ఈ ఊరడింపేనని చెప్పేవారు తక్కువ.

అన్నిటికన్నా పెద్ద పాఠం ద్రోణపర్వంలో ఉంది. యుద్ధం 14వ నాడు. పొద్దు గుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడి శపథం. దారి పొడవునా శత్రుసేన, పైన వాలుతున్న సూర్యుడు. క్షణం కూడా వృథా చేయరాని ఆ వేళ కృష్ణుడు రథం ఆపుతాడు. తెల్ల గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో సొమ్మసిల్లుతున్నాయి. అర్జునుడు నేల మీద నిలబడి సేనను అడ్డుకుంటాడు, బాణంతో నేల చీల్చి కొలను పుట్టిస్తాడు, బాణాలతోనే చాటు కడతాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, గుచ్చుకున్న ములుకులు తన చేతులతో తీసి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేపి, హాయిగా పొర్లనిస్తాడు. అలసట తీరాకే మళ్లీ కాడికి కడతాడు. భద్రమనిపించకపోతే నేలకు ఒరగని ప్రాణి, చుట్టూ సింహనాదాలు మోగుతుండగా పొర్లిందంటే ఆ చేతుల మీద దానికి ఎంత నమ్మకమో! గీత చెప్పిన సారథి పటం లేని ఇల్లు అరుదు. గుర్రాలకు మాలీసు చేసిన సారథిని తలుచుకునే ఇల్లు అంతకన్నా అరుదు.

కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలతో పోల్చింది. ఈ పోలిక ఎత్తుకున్న ప్రవచనాల్లో చాలావరకు పగ్గం బిగించాలన్న మాట దగ్గరే ముగుస్తాయి. ఉపనిషత్తు చెప్పింది అంతకంటే సూక్ష్మం. వివేకం లేని సారథికి గుర్రాలు చెడ్డవిగా ఉంటాయి, వివేకం ఉన్నవాడికి మంచివిగా ఉంటాయి. నేరం గుర్రం మీదికి నెట్టడానికి అక్కడ చోటే లేదు.

గ్రీకు దేశపు జెనోఫన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇదే మాట ఇంకోలా రాశాడు. కోపంతో గుర్రం దగ్గరికి పోరాదన్నాడు. బెదిరినప్పుడు కొడితే, ఆ నొప్పికి కూడా తాను చూసి బెదిరిన వస్తువే కారణమనుకుని మరింత బెదురుతుందన్నాడు. అలెగ్జాండర్ గుర్రం బ్యూసిఫలస్ కథ తెలిసిందే. అది తన నీడను చూసి తానే జడుస్తోందని అలెగ్జాండర్ గ్రహించి, దాని ముఖాన్ని సూర్యుడి వైపు తిప్పాడు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున జరిగిన యుద్ధం తర్వాత అది చనిపోతే దాని పేరిట అక్కడే ఒక నగరం కట్టించాడు.

మనిషి గుండెదడ గుర్రానికి అందుతుందని ఇప్పుడు పరిశోధనలూ చెబుతున్నాయి. 2009లో స్వీడన్‌లో కొందరి చేత గుర్రాలను ఒకే దారిలో పలుమార్లు నడిపించారు. చివరిసారి మాత్రం, దారిలో గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా మనిషి గుండెతోపాటు గుర్రం గుండె కూడా వేగం పెంచింది. కోపంగా ఉన్న మనిషి ముఖాన్ని ఫొటోలో చూసినా గుర్రం గుండె వేగంగా కొట్టుకుంటుందని ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో తేల్చారు. పైకి నవ్వుతూ లోపల పళ్లు నూరుకునేవాడు ఇంట్లోవాళ్లను మోసం చేయగలడేమో, గుర్రపుశాలలో ఆ ఆట సాగదు.

మచ్చిక చేయడం ఓపికతో కూడిన పని. మొదట చూడాల్సింది నొప్పి. పంటిపోటు, గిట్టలో పుండు, వీపును ఒరిసే జీను, వీటిలో ఏదున్నా గుర్రం మొండికేస్తుంది. దానికి మందు వైద్యుడి దగ్గర ఉంటుంది, శిక్షకుడి దగ్గర కాదు. ఆ తర్వాత దగ్గరికి చేరడం. ముందు గొంతు వినిపించాలి, భుజం వైపు నుంచి ఏటవాలుగా రావాలి, కళ్లలోకి గుచ్చి చూడరాదు. ఎక్కడ తల ఎత్తిందో అక్కడే ఆగాలి, అవసరమైతే ఒక అడుగు వెనక్కి వేయాలి. ఈ వెనకడుగే చాలామందికి చేతకాదు. ఓడిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి తనను తరమడానికి రాలేదని గుర్రానికి తెలిసేది అప్పుడే. అదే మెడ చాచి చెయ్యి వాసన చూసేదాకా ఆగాలి. తొలి స్పర్శ ముఖం మీద కాక, మెడ వీపును కలిసే మూపు మీద ఉండాలి. గుర్రాలు ఒకదానికొకటి పళ్లతో గోక్కునే చోటు అదే. అక్కడ రుద్దితే గుండె వేగం తగ్గుతుంది.

తాడు లాగితే గుర్రం నేర్చుకుంటుందన్నది అపోహ. అది నేర్చుకునేది తాడు వదులైనప్పుడు. ఒక్క అడుగు వేసిన మరుక్షణం పట్టు సడలిస్తే, అడిగినది ఇదేనని దానికి తెలుస్తుంది. ఆలస్యమైతే అంతా గందరగోళం. బెదిరే వస్తువును దూరంనుంచి చూపించి, భయం ముదరకముందే తీసేసి, రోజూ కాస్త దగ్గరకు తేవాలి. బెల్లం ముక్కతో స్నేహం త్వరగా కుదురుతుందనుకుంటారు. తొందరపడితే కుదిరేది చేతివేళ్లు కొరికే అలవాటే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన అడ్డదారి ఒకటుంది. గుర్రాన్ని గుంజకు కట్టేసి, అలసిపోయేదాకా చుట్టూ గుడ్డలు విదిలించడం, డబ్బాలు మోగించడం. చివరికి అది కదలకుండా నిలబడుతుంది. చెవులు తిరగవు, కళ్లలో వెలుగుండదు. దాన్ని లొంగిందని చెప్పి అమ్ముతారు. అది ఆశ వదులుకుని నిలబడింది, అంతే. ఎప్పుడో ఒకనాడు నడివీధిలో రేగిపోవచ్చు. నోరెత్తని పిల్లవాణ్ణి బుద్ధిమంతుడనడం, శని పేరో సర్పం పేరో చెప్పి బెదిరించి మొక్కులు రాబట్టడం ఈ కోవలోవే. భయపెట్టి భక్తి నేర్పామనుకునేవారు గుర్రపుశాలలో ఒక వారం గడిపితే మంచిది.

పెళ్లి ఊరేగింపు బరాత్ మాట కూడా చెప్పక తప్పదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రాత్రి అశ్వవాహనం మీద మలయప్పస్వామికి చేతులు జోడించే జనమే, ఊరేగింపులో గుర్రం కాళ్ల దగ్గర టపాసులు పేలుస్తున్నారు. చెవి పక్కనే డీజే హోరు, కంటికి అడ్డంగా పూసల జాలర్లు, ఎదురుగా సెల్‌ఫోన్ల మెరుపులు. అయినా కదలకుండా నిలబడిందంటే కొన్నిచోట్ల కారణం నోట్లోని ముళ్ల కళ్లెం. అలాంటి కళ్లేలను 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు నిషేధించాయి.

గుర్రాన్ని మాట్లాడుకునే పెళ్లివారు బయానా ఇచ్చే ముందే కళ్లెం చూపించమని అడగాలి. ముళ్లుంటే ఒప్పుకోరాదు. టపాసులు పూర్తిగా మానాలి, డీజే బండిని వీలైనంత దూరంగా ఉంచాలి, వరుడు ఎక్కేముందు దానికి నీళ్లు పట్టించి కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి. ఇవేవీ కుదరవనుకుంటే పెళ్లికొడుకును కారులో ఊరేగించడమే మేలు.