ఎవరిని శంకింపవలెను?

వంజరమును కోయునప్పుడు దాని కడుపులోనుండి అరగని చిన్నచేపలు బయటపడుట అచ్యుతాపురము మండలమందలి పూడిమడక వాసులకు వింతగాదు. బలవంతుడు బలహీనుని మ్రింగు అరాజకస్థితికి మన పూర్వులు మత్స్యన్యాయమని పేరిడిరి.

శాంతిపర్వమున భీష్ముడు రాజ్యోత్పత్తిని ధర్మరాజునకు రెండు తీరుల చెప్పెను. ఒక కథలో ఆదియందు రాజు లేడు, దండము లేదు. జనులు ధర్మముచేతనే ఒకరినొకరు కాచుకొనుచుండగా, మోహమును దాని వెంట లోభమును ప్రవేశించినవి. రెండవ కథలో మత్స్యన్యాయమునకు తాళలేని ప్రజలు బ్రహ్మను శరణువేడగా, ఆయన మనువును పాలింపుమనెను. కాని మనువు, అసత్యమునకు అలవాటుపడిన మనుష్యులను ఏలుట దుష్కరమనియు, తాను పాపమునకు వెరతుననియు వెనుదీసెను. అప్పుడు ప్రజలు, పశువులలోను బంగారములోను ఏబదియవ పాలు, ధాన్యమున పదియవ పాలు ఇత్తుమనియు, పాపము చేసినవానికే చెందుననియు చెప్పి ఒప్పించిరి. ఈ కథలో నన్ను నిలువరించునది పన్నుల లెక్క కాదు, జంకినవాడెవడన్న సంగతి. ఏలబోవువాడు ఏలబడువారిని శంకించెను. వారు ఆయనను శంకింపనేలేదు. కౌటిల్యుడు మరికొంత దూరము పోయి, నీటిలోని చేప నీరెప్పుడు త్రాగునో తెలియనట్లే ఉద్యోగి రాజధనమునెప్పుడు తినునో తెలియదనెను; కాని రాజు వద్దకు వచ్చునప్పటికి ఇంద్రియజయోపదేశముతో ఆగెను.

ఈ శంక సింహాసనమువరకు పోవుట మన రాజ్యాంగసభలో చూతుము; కాని అచ్చట అది మొదట గ్రామముపై పడినది. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెట్టుచు అంబేద్కర్, గ్రామమును సంకుచితత్వమునకు, అజ్ఞానమునకు, మతవైషమ్యమునకు నెలవుగా వర్ణించి, వ్యక్తినే మూలముగా గైకొన్నందుకు సంతోషము వెలిబుచ్చగా, సభ్యులనేకులు నొచ్చుకొనిరి. ఎన్.జి. రంగా దక్షిణదేశపు పంచాయతీల పూర్వచరిత్రను ఎత్తిచూపెను. గ్రామమే స్వరాజ్యమునకు పునాది కావలెనని పట్టుబట్టిన ప్రకాశం పంతులు, ఆ నెల 22న, అంబేద్కర్ అంగీకరించిన సంతానం సవరణను సమర్థించుచు మాటలాడెను. అదియే నేటి 40వ అధికరణము. ఆదేశసూత్రములలో చేరుటచేత న్యాయస్థానమునకెక్కి అడుగ వీలులేనిది. బడిలో నీటికుండను ముట్టనీయబడని బాల్యము గల అంబేద్కర్‌కు పంతులుగారు చూచిన గ్రామము కనబడకపోవుట సహజమే; ఉన్నవవారి ‘మాలపల్లి’ చదివిన తెలుగువాడు ఆయనను తప్పుపట్టజాలడు.

అయినను, విచిత్రమేమన, గ్రామమును నమ్మని ఆ సభయే గ్రామీణుని నమ్మినది. నూటికి 20 మందియైనను అక్షరాస్యులు లేని దేశమున, ఆస్తి, చదువు, కులము, లింగము అను అడ్డంకులన్నిటిని తొలగించి, వయోజనులందరికి 326వ అధికరణముచేత ఓటునిచ్చినది. సామాన్యమానవునిపై విశ్వాసముతోనే ఇది చేసితిమని, నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు 1949 నవంబరులో చెప్పెను. అదే సభ, ఓటు పొంది గద్దెనెక్కినవానిని అణుమాత్రమును నమ్మక, వాని చుట్టును న్యాయస్థానమును, ఆడిటరు జనరలును, ఎన్నికల సంఘమును కావలి పెట్టినది. రాజకీయములలో భక్తి నియంతృత్వమునకు దారితీయునని అంబేద్కర్ నవంబరు 25న హెచ్చరించెను. మనువు కథ తలక్రిందులైనది. మనుష్యుడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నను వారు తేల్చలేదు, తేల్చవలసిన పనియు లేదు. ఒకే మనుష్యుడు క్యూలో నిలుచున్నప్పుడొకటి, కుర్చీలో కూర్చున్నప్పుడొకటి అని వారెరుగుదురు.

1993 ఏప్రిల్ 24న 73వ సవరణ అమలులోనికి వచ్చినప్పుడు పంతులుగారి గ్రామము అంబేద్కర్ శంకలను కూడ వెంటబెట్టుకొనియే వచ్చినది: అయిదేండ్లకొక ఎన్నిక, దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు ప్రత్యేకించిన స్థానములు. గ్రామసభ తీర్మానముల పుస్తకమున సర్పంచి సంతకము క్రింద ఓటర్ల సంతకములును, వేలిముద్రలును ఉండుటలోనే ఆ రెండు దృష్టులు కలిసియున్నవని నా భావము.

ఇంతకు, అచ్యుతాపురమునకు వచ్చినచో ఒక చిక్కు తోచును. ఇచ్చటి ప్రత్యేక ఆర్థికమండలిలో 2024 ఆగస్టు 21న ఒక మందుల కర్మాగారమున జరిగిన విస్ఫోటనమున 17 మంది మరణించిరి. ఆ యంత్రములను తనిఖీ చేయు అధికారము పంచాయతీది కాదు, రాష్ట్రప్రభుత్వపు కర్మాగారముల శాఖది. ఆ శాఖ ఉద్యోగి ఓటుచేత రాలేదు, ఓటుచేత పోడు. కర్మాగారపు యజమాని సంగతి చెప్పనేల. గద్దెపైనున్నవానిని అంత నిశితముగా శంకించిన సభ, ధనమువలన కలుగు ఈ అధికారమును 39వ అధికరణములో రెండు మాటలతో స్పృశించి, దానిని కూడ ఆదేశసూత్రములకే వదలినది.