పిల్లి కూన, కోతి పిల్ల

శరణాగతిని వివరించుటకు శ్రీవైష్ణవ సంప్రదాయమున పెద్దలు రెండు న్యాయములను చెప్పుదురు. కోతి పిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. పట్టు సడలినచో పడిపోవును. ఇది మర్కటకిశోర న్యాయము. పిల్లి కూన ఏమియు చేయదు; తల్లియే దానిని నోట కరచుకొని తాను తలచిన చోటికి కొనిపోవును. ఇది మార్జాలకిశోర న్యాయము. వడగలైవారు మొదటిదానిని, తెంగలైవారు రెండవదానిని ఆదరింతురని భక్తులు వినియే యుందురు. ముప్పది యేండ్లు ఉపాధ్యాయుడనై యుండి నేనును వీనిని ఎందరికో చెప్పితిని. నా దేహమునకు వాని అర్థము తెలిసినది మాత్రము గత సంవత్సరము పక్షవాతము సోకిన పిదపనే.

హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో ఇరువది మూడు దినములు పడియుంటిని. ఎత్తువారు ఎత్తిరి, ఒత్తిగిలజేయువారు ఒత్తిగిలజేసిరి, నోట గంజి పోయువారు పోసిరి. అప్పుడు నేను పిల్లి కూననే. ఇల్లు చేరిన తరువాత వ్యాయామము నేర్పు వైద్యురాలు కుడిచేతితో దినమున కొక గంటసేపు గీతలు గీయుమనెను. అనగా, ఇక నీవే పట్టుకొనవలెనని.

మాది కామారెడ్డి ప్రాంతపు రాజంపేట. అన్నమాచార్యుల తాళ్ళపాకకు చేరువనున్న కడపసీమ రాజంపేట యని పలువురు పొరబడుదురు. ఆ భాగ్యము మాకు లేదు. మాకు సమృద్ధిగా ఉన్నవి కోతులు. అరుగుమీద పలకతో కూర్చుండి నేను వంకరగీతలు గీయుచుండగా ఎదుటి పెంకుటింటి మీద తల్లికోతి పిల్లతో సహా ఎగిరి దుముకుచుండెడిది. ఆరేండ్ల మా మనుమరాలు పలకవైపు చూచి, "తాతా, గిది కోతి తోక లెక్క ఉన్నది" అనెను. తోక దొరికిన పిమ్మట కోతిని గీయక తప్పలేదు. ఎడమ పుటలో కోతి పిల్ల, కుడి పుటలో పిల్లి కూన, ఒక్కొక్క దానిక్రింద ఒక్కొక్క వాక్యము. ఈ విధముగా పదునారు పుటల బొమ్మల పుస్తకము మొదలైనది.

చివరి పుట దగ్గర చిక్కు వచ్చినది. పిల్లి కూనకు జబ్బు చేసెను, అది స్వామిని వేడుకొనెను, వెంటనే స్వస్థత కలిగెను అని మొదట వ్రాసితిని. అట్లు వ్రాయుటకు నాకు ఘనమైన ఆధారమే కలదు. కేరళ దేశమున మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగపీడితుడై గురువాయూరు సన్నిధిలో భాగవతసారమును నూరు దశకములుగా రచించి, 1586లో ముగించి రోగవిముక్తు డయ్యెనని ప్రసిద్ధి. అదియే నారాయణీయము. ఆ గ్రంథము ఆయురారోగ్యములను కోరుచు ముగియును. ఆ చివరి అక్షరములనే కటపయాది పద్ధతిని లెక్కించినచో, కలియుగారంభము మొదలు ఆనాటి వరకు గడచిన దినముల సంఖ్య 17,12,210 వచ్చును. ఇంతటి నిదర్శన ముండగా నా చిన్న పిల్లికి స్వస్థత కూర్చుట తప్పా యనుకొంటిని.

కాని నా ప్రక్క మంచముమీద ఒక రైతు ఉండెడివాడు. రాత్రులు నిద్రపట్టక గోవిందనామము చెప్పుకొనుచుండెడివాడు. నేను మాటాడలేని స్థితిలో ఆ నామమే నాకు తోడు. తొమ్మిదవనాటి తెల్లవారుజామున అతడు పోయెను. అతని భక్తి నా భక్తికన్న తక్కువదని ఎవరైన చెప్పినచో నేను ఒప్పుకొనను. ఆ పుటను చించివేసితిని. పిల్లలు కథను కూడికల లెక్కవలె నమ్ముదురు. మ్రొక్కినచో బ్రతుకుదురని నేడు నేర్చిన పిల్ల, రేపు తనవారెవరైన మ్రొక్కియు బ్రతుకనినాడు, స్వామినైనను తప్పుపట్టును, తన మ్రొక్కునైనను తప్పుపట్టుకొనును. రెండును నేను పెట్టిన గాయములే యగును. భట్టతిరి కథలోనే మరియొక సంగతి కలదు. ఆ వాతరోగము ఆయన గురువైన అచ్యుత పిషారటిదనియు, గురువు బాధను చూడలేక శిష్యుడు దానిని తనపైకి తెచ్చుకొనెననియు చెప్పుదురు. స్వస్థతను గురించి చెప్పువారు ఈ భాగమును ఏల వదలుదురో తెలియదు.

పసివారికి మరణమును చూపవలయునా యని మా ఇంటివారు అడిగిరి. ఫ్రాన్సు దేశమున జాన్ ద బ్రూనాఫ్ అను చిత్రకారుడు 1931లో బాబర్ అను ఏనుగు పిల్ల కథను ప్రకటించెను. ఆరంభముననే వేటగాడు దాని తల్లిని కాల్చి చంపును. అయినను లోకమందలి పిల్లలు ఆ పుస్తకమును విడువలేదు. ఆయన 1937లో క్షయవ్యాధితో, ముప్పదియేడేండ్ల ప్రాయమున మరణించెను. తండ్రి నలుపు తెలుపులలో విడిచిన కొన్ని బొమ్మలకు బాలుడైన పెద్దకుమారుడు రంగులు వేసెను.

ఇక పిల్లియా, కోతియా? మన ఆచార్యుల చరిత్రను తలచుకొన్నచో ఈ ప్రశ్నయే తారుమారగుచున్నది. 1323 ప్రాంతమున ఢిల్లీ సేనలు శ్రీరంగముపై పడినప్పుడు, పిల్లి కూనవలె ఊరకుండుమని బోధించిన సంప్రదాయమునకు మూలపురుషుడైన పిళ్ళై లోకాచార్యులే, మిక్కిలి వృద్ధుడై యుండియు, నంబెరుమాళ్ళ ఉత్సవమూర్తిని తరలించుకొని అడవిదారుల వెడలి, త్రోవలో జ్యోతిష్కుడి యందు పరమపదించెను. పట్టుకొనుమని చెప్పిన వేదాంత దేశికులు శవముల నడుమ కదలక పరుండి, శ్రుతప్రకాశిక తాళపత్రములను, దానిని రచించిన సుదర్శన సూరి పసికుమారు లిద్దరిని కాపాడిరని సంప్రదాయము. ఇచట కూన తల్లిని మోసినది. కోతి పిల్ల కదలక పడియున్నది. ఈ సంగతిని ఆరేండ్ల పిల్లకు బొమ్మలో ఎట్లు చెప్పవలెనో నాకు చేతకాలేదు.

చివరకు తల్లిపిల్లి కూనను కరచుకొని గోడ దాటుచున్న బొమ్మను మాత్రము గీసితిని. మనుమరాలు దానిని చాలసేపు చూచి, "నోట్ల పట్టుకుంటె పిల్లకు పండ్లు గుచ్చుకోవా తాతా?" అని అడిగెను. ఇన్నేండ్లు ఈ న్యాయమును చెప్పితినే గాని, ఆ పండ్లను గురించి నే నెన్నడును తలచలేదు. తెలియదంటిని. మా గడ్డివాములో పిల్లి యీనియుండెను. నన్ను చేయి పట్టి నడిపించుకొనిపోయి, ఇద్దరమును రెండు సాయంకాలములు అచట కాచి కూర్చుంటిమి. రెండవనాడు తల్లి ఒక కూనను మెడదగ్గర కరచి ఎత్తెను. అది కాళ్ళు ముడుచుకొని, కన్నులు మూసికొని, కిమ్మనక వ్రేలాడెను. కొట్టములో దింపిన తరువాత అరచెను.

చూచినదానిని చూచినట్లే పుస్తకములో వేయుమని మనుమరాలి ఆజ్ఞ. "మోసినప్పుడు అరువలే, దించినంక అరిచింది" అని ఆమె చెప్పిన మాటనే చివరి బొమ్మక్రింద వ్రాసితిని. నా అక్షరములు ఇంకను వణకుచున్నవి. రంగులు ఆమె వేయుచున్నది. పిల్లికి ఆకుపచ్చ వేసినది.