అవ్వ మాట

మదరాసులో తత్వశాస్త్రం ఎం.ఏ. చదివే రోజుల్లో మాకు ఒక పేపరంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఒక సంగతి ‘తెలుసు’ అనడానికీ, ‘నమ్ముతున్నాను’ అనడానికీ తేడా ఏమిటి?

ప్లేటో ‘మెనో’ సంభాషణలో లారిస్సా ఊరి దారిని ఉదాహరణగా తెచ్చాడు. దారి తెలిసినవాడూ, ఎన్నడూ పోకపోయినా సరిగ్గా ఊహించినవాడూ ఇద్దరూ మనల్ని ఊరు చేరుస్తారు. కానీ కట్టివేయకపోతే నిజమైన నమ్మకం కూడా నిలవదంటాడు. ఆ కట్టుతాడే హేతువు. నమ్మిన సంగతి నిజమై, నమ్మడానికి తగిన ఆధారం కూడా ఉంటే అదే జ్ఞానమన్నారు. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో అదీ చాలదని చూపించాడు. ఆగిపోయిన గడియారాన్ని సరిగ్గా ఆ వేళకే చూసినవాడికి టైము తెలిసినట్టా? రస్సెల్ చెప్పిన ఈ ఉదాహరణ నాకు మహా నచ్చింది.

ఆ చదువు తలకెక్కించుకుని సెలవులకు కోవిల్‌పట్టి పక్కన మా ఊరికి వెళ్లాను. రాత్రి అవ్వ పిల్లలకు కథ చెబుతోంది. ఉత్తరాన ఎవరో రాజు మన ఇంటి పిల్ల మీద కన్నేశాడట. పెద్దలు రాత్రికి రాత్రి ఇళ్లు విడిచి దక్షిణానికి నడిచారట. ఏరు అడ్డమొస్తే గట్టు మీది చెట్టు వంగి దాటించిందట. మా వైపు చాలా తెలుగు ఇళ్లలో చెప్పుకునే కథే ఇది. కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ నవలలోకీ ఎక్కింది.

“నీకెట్లా తెలుసవ్వా?” అన్నాను.

“మా అవ్వ చెప్పింది.”

“ఆమెకు?”

“వాళ్లవ్వ.”

“చెట్టు వంగడమేమిటి? అది తెలియడం కాదు, ఉట్టి నమ్మకం” అని నవ్వాను. అవ్వ బదులు చెప్పలేదు. నేనున్నన్నాళ్లూ ఆ కథ మళ్లీ ఎత్తలేదు.

గెటియర్ సంగతి నాకెట్లా తెలుసు? పంతులుగారు చెప్పారు. నేను పుట్టిన రోజు? అమ్మ చెప్పింది. వాళ్లను అడగని రుజువు అవ్వను అడిగాను. అది తర్కం కాదు, అన్యాయం.

మన దర్శనాల్లోనూ ఈ తగవుంది. బౌద్ధులు, వైశేషికులు శబ్దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. నైయాయికులు ఒప్పుకున్నారు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడన్నాడు. ఆ నిర్వచనంలో బడి చదువు ఊసు లేదు.

అయితే ఆప్తుల మాటైనా అంతా ఒక్క ముద్దగా మింగవలసిన పని లేదు. అవ్వ కథలో మూడు సంగతులున్నాయి. ఉత్తరం నుంచి వచ్చామన్నది ఒకటి. తమిళ దేశం నడుమ మా ఇంట్లో నిలిచిన తెలుగే దానికి కట్టుతాడు. చెట్టు వంగడం రెండోది. నమ్మినా ఎవరికీ నష్టం లేదు. మూడోది ఆ రాజు నేరం. ఆధారం లేకుండా దాన్ని నమ్మి, ఆ పగ ఈనాటి మనుషుల మీద పెట్టుకుంటే నష్టపోయేది పక్కింటివాడు. రుజువు గట్టిగా అడగవలసింది అక్కడ. నేను చెట్టు దగ్గర నవ్వాను, రాజు దగ్గర మాట్లాడకుండా ఊరుకున్నాను. చదువు నాకు ప్రశ్న వేయడం నేర్పింది గాని, ఎక్కడ వేయాలో నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మనవరాలికి ఆ కథ నేను చెబుతున్నాను. మనం ఉత్తరాన్నుంచి వచ్చాం, మన మాటే సాక్షి. చెట్టు వంగిందని అవ్వ చెప్పింది. ఆ రాజు ఎవరో, ఏం చేశాడో మనకు తెలియదు.

“అయితే అవ్వ అబద్ధం చెప్పిందా తాతా?” అని అడిగింది మొన్న.

“లేదమ్మా. విన్నది విన్నట్టు చెప్పింది.”

ఈ మాట ఆ రాత్రి అవ్వతో అనవలసింది.