కంటికి కానరాని అతుకు

రాయచూరు జిల్లా ఇడపనూరు వంటి సరిహద్దు పల్లెలో ట్రాక్టరు లోడరు నూనెగొట్టము పగిలినచో, రైతు పట్టణమునకు పరుగిడక, తన కొట్టములోనే ఉక్కు గొట్టమును వంచి ఇత్తడితో అతుకు వేసికొనుటను మేము తప్పు పట్టము. చేతనైన పని చేసికొనుట గౌరవమే.

ఇత్తడి సుమారు 900 డిగ్రీల వేడిమిలో కరగును; ఉక్కు కరగదు. గొట్టమునకు, తొడుగునకు నడుమ వెండ్రుకవాసి సందుండవలెను. లోహము శుభ్రమై, వెలిగారము పూసి, వేడి సమముగా పట్టించినచో ఇత్తడి తనంతట తానే ఆ సందులోనికి ప్రాకును. జిడ్డు మిగిలినచోట ప్రాకదు. పై అంచు మాత్రము పచ్చగా మెరయుచునే యుండును! చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

లోడరు నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోలకు మించవచ్చును. సూదిబెజ్జమునుండి వెడలిన ధార చర్మములోనికి చొచ్చును. గాయము చిన్నదిగా కనబడినను చేయి పోవచ్చును. గొట్టము తెగినచో ఎత్తిన బకెట్టు కూలును. దాని దాపున నిలుచువాడు తరచుగా యజమాని కాడు, కూలివాడు.

తన ప్రాణమును తన పనితనముపై నిలుపు హక్కు ఎవనికైనను కలదేమో. ఒరుల ప్రాణమును, వారి నడుగకయే, నిలుపు హక్కు కలదా? లేదనియే మా తలంపు. "నాకు నమ్మకమున్నది" అను మాట కూలివానికి కవచము కాజాలదు. చేతిపంపుతో పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లెక్కించి చూడవలెను. కారుటను చేతితో గాక అట్టముక్కతో వెదకవలెను. అతుకు ఆ పరీక్షకు నిలిచినను, ఎత్తిన బకెట్టు క్రిందికి మేమెవరిని పంపము.