ఎరగనివాడి చూపు

చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మా ఊరికి ఒక ప్రశ్న ఉండేది. ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫామ్ ఎక్కడుంది? ఖరగ్‌పూర్‌లో. పొడవు 1072.5 మీటర్లు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఉన్న మా చుట్టాల పిల్లలు కూడా ఆ జవాబు బట్టీ పట్టేవారు. సెలవులకు అక్కడికి వెళ్తే, ఆ ప్లాట్‌ఫామ్ మా తాతముత్తాతలు రాసిచ్చిన ఆస్తి అయినట్టు మేం గొప్పలు పోయేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో మమ్మల్ని దాటేసింది. 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్లి దాన్నీ దాటేసింది. మా ప్లాట్‌ఫామ్ మాత్రం ఒక్క అంగుళం తగ్గలేదు. పెట్టె ఎక్కడాగుతుందో తెలియక సామాన్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తేవాళ్ల ఆయాసమూ తగ్గలేదు. తగ్గింది ర్యాంకు ఒక్కటే.

ర్యాంకు వస్తువులో ఉండదు, దాని పక్కన నిలబెట్టిన మరో వస్తువులో ఉంటుంది. ఫొటోల పోటీలకు ఎంట్రీలు పంపే వ్యసనం ఉన్నవాళ్లకి ఈ ముక్క కంఠతా వచ్చి ఉండాలి. వచ్చే ఉంటుంది కూడా. ఫలితాల రోజున మాత్రం ఎందుకో గుర్తు రాదు.

నేను వృత్తి ఫొటోగ్రాఫర్ని కాను. ఈ ఊళ్లో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే. షిఫ్టు దిగి వచ్చిన లోకో పైలట్లు, వర్క్‌షాపు టెక్నీషియన్లు, బడి పంతుళ్లు, ఐఐటీ కుర్రాళ్లు. చలికాలంలో తెల్లవారుజామున మంచు పట్టిందంటే ఎవరెక్కడ ఉంటారో ఇంట్లో కూర్చునే చెప్పేయొచ్చు. కొందరు కంసావతి రైలు వంతెన దగ్గర, కొందరు నిమ్‌పురా యార్డు వైపు, మిగిలినవాళ్లు వర్క్‌షాపు గేటు దగ్గర సైకిళ్ల కోసం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కళింగాంధ్ర నుంచి వాల్తేరు లైను పట్టుకుని కూలికీ కొలువుకీ వచ్చి స్థిరపడ్డవాళ్ల మనవలం మేం. మథురాకాటిలోనో మలంచలోనో ఇల్లు, ఇంట్లో తెలుగు, గోల్‌బజార్‌లో బెంగాలీ, డ్యూటీలో హిందీ. పోటీలో మాత్రం ఏ భాషా అక్కర్లేదు, ఫొటో అప్‌లోడ్ చేస్తే చాలు.

ఆ పోటీ నడిచే తీరు చెప్పాలి. సెలూన్ అనే ఇలాంటి పోటీలో మోనోక్రోమ్, కలర్, నేచర్, ట్రావెల్ అంటూ కొన్ని విభాగాలుంటాయి. విభాగానికి సాధారణంగా నాలుగు ఫొటోలు, దానికో ఎంట్రీ ఫీజు. ముగ్గురో ఐదుగురో జడ్జీలు కూర్చుంటారు. వేల ఫొటోలు వాళ్ల ముందు తెర మీద ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతుంటాయి. ఒక్కోదానికి దక్కేది కొన్ని సెకన్లు. మార్కులు వేస్తారు, కూడతారు, ఎక్కడో ఒక గీత గీస్తారు. గీత పైనున్నవి యాక్సెప్టెడ్. వాటిలో కొన్నిటికి పతకాలు, రిబ్బన్లు, సర్టిఫికెట్లు. మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ 1953 నాటిది. అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ 1950 నాటిది. దాని ఆమోదం ఉన్న సెలూన్లలో, పలు దేశాల్లో, యాక్సెప్టెన్సులు కూడబెట్టుకుంటే పేరు చివర ఏఫియాప్ అనో ఈఫియాప్ అనో తగిలించుకోవచ్చు. గీత కింద పడ్డ ఫొటోకి కారణం చెప్పరు. చెప్పడం సాధ్యం కూడా కాదు.

ఈ ఏర్పాటులో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. జడ్జీకి నా పేరు కనబడదు, ఊరు కనబడదు, ఏ పరిస్థితుల్లో తీశానో తెలియదు. కనబడకూడదు, తెలియకూడదు. అదే న్యాయం.

ఆ అడ్డుతెర ఊరికే రాలేదు. ఇక్కడికి రెండు మూడు గంటల రైలు దూరంలో ఉన్న కలకత్తాలో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పుట్టింది. రాజేంద్రలాల్ మిత్రా అందులో కోశాధికారి. మరుసటి ఏడు ఆయన ఒక సభలో తెల్ల నీలిమందు తోటల యజమానులను తూర్పారబట్టాడు. సొసైటీ ఆయన్ని బయటికి పంపేసింది. ఆయన తీసిన ఫొటోల్లో ఫోకస్ లోపించిందని కాదు, ఫొటోకి సంబంధం లేని నోటి మాటకి. మనిషి ఎవరో తెలిసినచోట బొమ్మను బొమ్మగా చూడడం ఎంత కష్టమో ఆ సంఘటన చెబుతుంది. అందుకే పేరు దాచడం మంచిదే.

కాని పేరుతోపాటు ఇంకా చాలా దాగిపోతాయి. న్యాయం కోసం పోటీ చెల్లించే మూల్యం అజ్ఞానం. ఏమీ ఎరగనివాడు చూసి తీర్పు చెప్పాలి కాబట్టి, ఏమీ ఎరగనివాడికి కూడా అర్థమయ్యే ఫొటోయే నెగ్గుతుంది.

మా నాన్న ఈ వర్క్‌షాపులోనే ఫిట్టరు. ప్రమోషన్ కావాలంటే ట్రేడ్ టెస్టు నెగ్గాలి. రెండు ఇనప ముక్కలిచ్చి, డ్రాయింగ్ ఇచ్చి, ఒకదాంట్లో ఒకటి కచ్చితంగా కూర్చునేలా ఆకురాయితో రాసి తెమ్మనేవారు. తెచ్చాక ఆ జతను దీపానికి ఎదురుగా ఎత్తి చూసేవారట. సందులోంచి వెలుతురు కనబడిందంటే ఫెయిలు. నాన్నని ఎరిగినవాడు చూసినా, ఎరగనివాడు చూసినా వెలుతురు వెలుతురే. అక్కడ పరీక్షకుడి అజ్ఞానం వల్ల ఎవరికీ నష్టం లేదు, తెలుసుకోవలసిందంతా ఆ సందులోనే ఉంది. ఫొటోకి అలాంటి సందు లేదు. అక్కడ కొలిచేది జడ్జీ అభిరుచి, అదేమో ఒకచోట నిలవదు.

ఎంతగా నిలవదో చెప్పడానికి ఒక పాత కథ చాలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడిన 1887లోనే, లండన్‌లో ‘అమెచ్యూర్ ఫొటోగ్రాఫర్’ పత్రిక పెట్టిన పోటీలో మొదటి బహుమతి ఒక ఇరవై మూడేళ్ల కుర్రాడికి వచ్చింది. ఇటలీ పల్లెలో నవ్వుతున్న పిల్లల ఫొటో అది. ఆ కుర్రాడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్, తర్వాత అమెరికాలో ఫొటోగ్రఫీని చిత్రకళ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషి. ఎంపిక చేసిన జడ్జీ పీటర్ హెన్రీ ఎమర్సన్. ఫొటోగ్రఫీ కళే అని ఆ రోజుల్లో అందరికంటే గట్టిగా వాదించినవాడు. మూడు నాలుగేళ్లు తిరిగాయో లేదో ఆయన చావు కబురులా నల్ల అంచు వేయించి ఒక కరపత్రం అచ్చేశాడు. తన సిద్ధాంతం చచ్చిపోయిందని, ఫొటోగ్రఫీ కళ కాదని దాని సారాంశం. బహుమతి ఇచ్చినవాడు మాట వెనక్కి తీసుకున్నాడు. బహుమతి పుచ్చుకున్నవాడు మాత్రం కెమెరా దించలేదు.

కొలవడానికి గేజీ లేని ఇలాంటి పరీక్షకు వెళ్లేవాళ్లు ఏం చేస్తారు? ఇదివరకు నెగ్గిన ఫొటోలనే గేజీ చేసుకుంటారు. అందుకే మా ఊరి ఫొటోలు పోటీల కోసం తయారయ్యేసరికి ఒకే పోలికకు వస్తాయి. మంచులో కరిగిపోయే పట్టాలు, ఎదురెండలో నల్లగా నిలబడ్డ గ్యాంగ్‌మన్, ఎర్రమట్టి దారిన గొడుగు పట్టుకుని వెళ్లే ఒంటరి మనిషి. ఇంకాస్త ముదిరితే ఏర్పాట్లు మొదలవుతాయి. ముడతల మొహం ఉన్న ముసలాయన్ని పట్టుకొచ్చి కూర్చోబెడతారు. పక్కనుంచి పొగ పెడతారు. చుట్టూ ఒక బృందం నిలబడి ఒకేసారి క్లిక్‌మనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే ముసలాయన, అదే పొగ, వేర్వేరు పేర్లతో వేర్వేరు దేశాల సెలూన్లలో ప్రత్యక్షం. ఎరగనివాడికి అది ఒక జీవితం. ఎరిగినవాడికి ఒక పూట కిరాయి.

ఈ అజ్ఞానం ఎంతవరకు పోతుందో ఈమధ్య ఇద్దరు చూపించారు. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల ఓపెన్ పోటీలో ఒక విభాగం బహుమతి జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్‌కి ప్రకటించారు. అది కృత్రిమ మేధతో చేసిన బొమ్మ అని చెప్పి ఆయన బహుమతి వద్దన్నాడు. 2024లో మైల్స్ ఆస్ట్రే దీన్ని తిరగేశాడు. మరో పోటీలో కృత్రిమ మేధ విభాగానికి తను నిజంగా తీసిన ఫ్లెమింగో ఫొటో పంపాడు. తల లోపలికి వంచుకుని తల లేనట్టే కనిపించే పక్షి. జడ్జీలు దానికి మూడో స్థానం ఇచ్చారు, జనం ఓట్లలోనూ నెగ్గింది. నిజం బయటపెట్టగానే అనర్హత. రెండుచోట్లా జడ్జీలు తెలివితక్కువవాళ్లు కారు. చూపు ఎంత వాడిదైనా, చట్రం బయట ఏం జరిగిందో చూపుకి తెలియదు. అది ఎవరైనా చెబితే తెలియాల్సిందే.

మా ఊళ్లో చట్రం బయటే ఎక్కువుంది. ఐఐటీ ఆవరణలో గోపురం ఉన్న పాత భవనం ఒకటుంది. జ్యామితి బాగుంటుంది, సాయంత్రం వెలుతురు బాగుంటుంది. ఎరగనివాడు దానికి ఆర్కిటెక్చర్ కింద మంచి మార్కులే వేస్తాడు. అది ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబర్ 16న నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అక్కడే చనిపోయారు. ఇరవై ఏళ్లకు, 1951లో, దేశంలో మొదటి ఐఐటీ తరగతులు ఆ భవనంలోనే మొదలయ్యాయి. ఈ సంగతి తెలిసినవాడికి ఆ గోడ ఫొటో వేరు, తెలియనివాడికి వేరు. ఫొటో మాత్రం ఒకటే.

మాతా పూజప్పుడు తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. ఘటాలెత్తుకుని మావాళ్లు వరసగా నడుస్తుంటే ఎదురెండకు పట్టాను. చీరల అంచులు వెలిగాయి, మొహాలు చీకటైపోయాయి. అది ఒక సెలూన్‌లో యాక్సెప్టు అయింది. ఇంట్లో పెద్దమ్మకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. “ఏటిరా ఇది, మీ పిన్ని మొహమే కనబడనేదు. ఎవులో ఏటో తెలకపోతే ఫొటో ఎందుకురా బాబూ?” అంది. జడ్జీకి నచ్చిందీ, పెద్దమ్మకి నచ్చనిదీ ఒకటే. మా పిన్ని అందులో మా పిన్ని కాకుండా పోయింది, ఎవరో ఒక స్త్రీ అయింది. రెండూ సరైన తీర్పులే. పెద్దమ్మ గోడకు తగిలించుకున్నది వేరే ఫొటో. ఫ్లాష్ పడి నుదురు మెరుస్తుంది, వెనక కరెంటు స్తంభం తలలోంచి మొలిచినట్టుంటుంది. అందులో పిన్ని చక్కగా పిన్నిలాగే ఉంది. ఏ సెలూన్‌లోనైనా అది మొదటి వడపోతలోనే పోతుంది.

అలాంటప్పుడు పోటీలెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఫలాపేక్ష లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు కదా అంటారు. ఆ మాట వినడానికి బాగుంటుంది. నా అనుభవంలో ఫలాపేక్షే మనిషిని చలిలో దుప్పటి లోంచి లేపుతుంది. క్లోజింగ్ డేట్ లేకపోతే హార్డ్ డిస్కులో పడున్న వేల ఫొటోలు అలాగే పడుంటాయి. నాలుగే పంపాలి అన్న నిబంధన వల్లే వాటి ముందు కూర్చుని, ఇది ఎందుకు, అది ఎందుకు కాదు అని నాకు నేను జవాబు చెప్పుకుంటాను. పోటీ నేర్పే విద్య అంతా ఆ రాత్రుల్లోనే ఉంది. ఫలితం వచ్చేనాటికి పాఠం అయిపోయి ఉంటుంది. జడ్జీ కారణం చెప్పకపోవడం కూడా ఒకందుకు మేలే, వెతుక్కునే పని నాకు మిగులుతుంది.

పైగా, ఎరిగినవాళ్ల మెప్పుకీ ఒక చిక్కుంది. రైల్వే కాలనీలో అందరూ అందరికీ తెలుసు. ఏ ఫొటో చూపించినా “బాగుందిరా” అంటారు, ఆ మాట ఫొటోకి కాదు, నాకు. మనిషిని ఎరిగినవాడు బొమ్మలో లేనిది కూడా తనే నింపుకుని చూస్తాడు. పిన్ని ఫొటోలో కరెంటు స్తంభం పెద్దమ్మకి కనబడలేదు, కనబడదు. నేను చూపించాలనుకున్నది బొమ్మలోకి దిగిందా, నా బుర్రలోనే ఉండిపోయిందా అన్నది ఆవిడ చెప్పలేదు. అది చెప్పగలిగినవాడు నన్ను ఎరగనివాడే. అందుకే ఇద్దరూ కావాలి. ఒక్క జడ్జీ కోసమే తీస్తే మా ఊరు ఏ ఊరైనా అయిపోతుంది. ఒక్క పెద్దమ్మ కోసమే తీస్తే, ఆవిడ తరం దాటాక ఆ ఫొటో విప్పి చెప్పేవాళ్లుండరు.

ఇప్పుడు పంపబోయే నాలుగింటిలో మూడు తేలాయి. నాలుగోదిగా అనుకున్నది హిజ్లీ గోడ. పంపడం లేదు. చూడగానే అర్థం కావాలని దాన్ని అడగడం సబబు కాదు, పక్కన నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుంటే దాని పని అది చేస్తుంది. పోటీకి వెళ్లని ఫొటో ఓడిపోయిన ఫొటో కాదు. దాని బదులు వర్క్‌షాపు గేటు దగ్గర తీసిన సైకిళ్లు వెళ్తాయి. అందులో మావాళ్లెవరూ లేరు, నెగ్గుతుందో లేదో తెలియదు. ఎంట్రీ ఫీజు ఎక్కువని ఇంట్లో ఏటా సణుగుతారు. ఆ డబ్బుతో నేను కొనుక్కుంటున్నది పతకం కాదు. నాతో మొహమాటం లేని మనిషి నా ఫొటో మీద ఖర్చుపెట్టే ఆ కొద్ది సెకన్లు. ఈ ఊళ్లో మిగతావన్నీ నాకు అప్పుగానైనా దొరుకుతాయి. అది మాత్రం డబ్బు కట్టి తెచ్చుకోవాల్సిందే.